కాటాకెక్కని బంతులు

చీమకుర్తిలో ఆదివారం రాయి కొట్టరు.
కంప్రెసర్ల నోళ్ళు మూతపడినా
చెవుల్లో ఒక రొద మిగిలిపోయిద్ది,
వారమంతా విన్నదానికి వడ్డీలాగా.

బ్లాకులు చూసుకోడానికొచ్చిన విదేశీ బయ్యరు
గెస్టురూములో మరిచిపోయాడో, వద్దనుకున్నాడో,
ఒక ఇనప కర్ర, ఒక గుడ్డసంచీ.
సంచిలో పదకొండు తెల్ల బంతులు.
నిమ్మకాయంత ఉంటాయేమో ఒక్కోటి,
ఒంటినిండా అమ్మవారు పోసినట్టు గుంటలు.

నేను కాటా గుమాస్తాని.
దేన్నయినా తూచందే నిద్రపట్టని జబ్బు నాది.
అరవై టన్నుల వేబ్రిడ్జి మీద బంతి పెడితే
సున్నా అంది, మొహమాటం లేకుండా.
కిరాణం శేషారత్నం దగ్గరికెళ్ళి
యాలక్కాయలు తూచే త్రాసు అరువు తెచ్చా.
అన్నీ నలభై ఐదు గ్రాములే,
ఓ వెంట్రుకవాసి అటూ ఇటూ.

తేడా పంటికి తెలిసింది.
ఒక రకం కొరికితే కొంచెం లోబడింది,
దానికి వెన్న అని పేరు పెట్టాం.
పసుపుగీత ఉన్నవి మధ్యరకం.
మిగతా నాలుగూ మొండివి,
బండమీద వేస్తే టక్కుమని
మా మీదకే తిరగబడ్డాయి.

పాతగుంత పై బెంచీ మీంచి కొట్టాలని పందెం.
క్రేన్ కాలేషా మొదటి దెబ్బకి దుమ్ము లేచింది,
రెండో దెబ్బకి చెప్పు లేచింది,
మూడో దెబ్బకి వెన్న లేచింది.
లేచి, పైన ఎక్కడో ఆగి,
ఇంట్లో ఏదో మర్చిపోయినదానిలా ఆలోచించి
మెత్తగా దిగి, దిగినచోటే కూర్చుంది.
మొండిది అట్లా కాదు.
చెక్‌పోస్టు తప్పించుకునే లారీలాగా
తల వంచుకుని పోయింది,
కింది బెంచీకి గుద్దుకుని, మూడు గెంతులేసి
పచ్చనీళ్ళలో బుడుంగుమంది.

టేపు పట్టి రాశాను: వెన్న డెబ్భై ఒకటి,
పసుపుగీత డెబ్భై ఎనిమిది.
నీళ్ళలో పడ్డదానికి లెక్క లేదన్నాను.
ఉందన్నాడు కాలేషా. ఆ గొడవ ఇంకా తెగలేదు.

అప్పటిదాకా గట్టుమీద కూర్చుని
బీడీ ఆర్పుకుంటున్నాడు మాలకొండయ్య.
ఇరవై ఆరేళ్ళు జాకీహామర్ పట్టిన చేతులు.
చలి పొద్దున వేళ్ళు సున్నంలా తెల్లబడతాయి.
టీగ్లాసు కాల్తుందో లేదో పెదవులు చెప్పాలి,
చొక్కా గుండీలు సుబ్బాయమ్మ పెట్టాలి.
"నాకెందుకురా ఈ ఆటలు" అంటూనే లేచాడు.

మొదటి దెబ్బ వెన్న మీద.
తొంభై రెండు! ఈలలు, కేకలు.
ఆయన మాత్రం బంతివైపు చూళ్ళేదు,
మావైపు తిరిగి "తగిలిందా?" అని అడిగాడు.
పసుపుగీత కూడా బాగానే పోయింది.
"తగిలిందా?"
తగిలిందయ్యా, చూడు, అదిగో అక్కడ.
చూసి తలూపాడు,
పక్కింటివాళ్ళకి లాటరీ తగిలితే ఊపినట్టు.

మూడోసారి మొండిది పెట్టాం.
చప్పుడుకి గుంతలో పావురాలు లేచాయి.
బంతి వంకరపోయింది, నలభై కూడా దాటలేదు.
మాలకొండయ్య కర్ర ఎడంచేతికి మార్చుకుని
కుడి అరచెయ్యి విప్పి చూసుకున్నాడు,
అందులో ఎవరో ఏదో పెట్టి వెళ్ళినట్టు.
"ఇది తెలిసింది" అన్నాడు.
"మోచేతిదాకా వచ్చి పోయింది."

ఇంకోసారి కొట్టాడు. ఇంకోసారి.
ముప్పై ఐదు. ఇరవై తొమ్మిది.
ఎవరూ నవ్వలేదు.
మొండివి అయిపోతే
కాలేషా ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాడు.
నేను పుస్తకంలో దూరాల పక్కన ఇంకో గడి గీశా,
దానికేం పేరు పెట్టాలో తెలీక అట్లాగే వదిలేశా.

సోమవారం ఆరింటికి కంప్రెసర్ అందుకుంది.
ఎనిమిదిన్నరకి మొదటి బ్లాకు కాటాకొచ్చింది,
ఇరవై ఏడు టన్నుల మూడొందల కేజీలు.
డ్యూటీకి పోతూ మాలకొండయ్య
నా కిటికీ దగ్గర ఆగాడు,
గుండీ ఒకటి తప్పుగా పెట్టుంది.
"ఆ మొండివి వేరే డబ్బాలో పెట్టు,
వాటిల్లో కలవనీకు" అన్నాడు.